బంగారం మీది, ఎముకలు మావి

దున్నమూపు కొండ కింద బంగారం ఉందని నమ్మని మనిషి దిపాంగన్ ఊళ్లో ఒక్క ప్రిమితీవాయే. ఆ కొండను తవ్వించి తీరాలని పట్టుబట్టిందీ ఆమే. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయో అర్థంకాక ఊరు చాలాకాలం నవ్వుకుంది.

ఊళ్లో అందరూ ఆమెను తీవా అనేవారు. పొట్టి మనిషి, వెడల్పు పాదాలు. నడుస్తుంటే భూమిని నొక్కి చూస్తున్నట్టుండేది. ఒకసారి అనుకున్నదంటే ఆ మాట నుంచి ఆమెను కదిలించడం మొగుడి వల్లా కాలేదు, ఊరిపెద్ద వల్లా కాలేదు, చర్చి ఫాదర్ వల్ల అసలే కాలేదు.

యుద్ధం చివరి ఏడాది ఆమెకు తొమ్మిదేళ్లు. మనీలా వైపు నుంచి వెనక్కి తగ్గిన జపాన్ సైన్యం ఉత్తరాన ఈ కొండల్లోకి ఎక్కింది. ఒకరోజు పొద్దున్నే సైనికులు ఇల్లిల్లూ తిరిగి, ఒంట్లో సత్తువున్న మగవాళ్లను ఎనిమిది మందిని ఏరి తీసుకుపోయారు. తీవా నాన్న కాందిదో అందులో ఒకడు. కొండ పక్కనుంచి లోపలికి సొరంగం తవ్వడం వాళ్ల పని. ఎందుకో ఎవరూ చెప్పలేదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు.

మధ్యాహ్నం అన్నం మోసుకెళ్లడం తీవా వంతు. అమ్మ మార్సెలా అరిటాకులో అన్నమూ ఎండుచేపా పొట్లం కట్టి ఇచ్చేది. సొరంగం దగ్గర కాపలావాడు పొట్లం విప్పి, సగం తను తిని, మిగతాది లోపలికి పంపేవాడు. ఆ సంగతి తెలిసి మార్సెలా పొట్లం పెద్దది చేసింది. ఒక్కోసారి నాన్న మట్టికొట్టుకున్న మొహంతో బయటికి వచ్చి, కూతురి జుట్టు మీద చెయ్యి వేయబోయి, చేతికున్న బురద చూసి ఆగిపోయేవాడు.

విమానాలు వచ్చిన రోజు తీవా సగం దారిలో ఉంది. బాంబులు కొండ నెత్తిన పడ్డాయి. కొండ ఒక్కసారి దగ్గినట్టయింది. సొరంగం నోట్లోంచి దుమ్ము బయటికి ఉరికింది. దుమ్ము అణిగాక చూస్తే అక్కడ నోరే లేదు. బయటున్న సైనికులు మూటలు భుజాన వేసుకుని అడవిలోకి పారిపోయారు.

ఆడవాళ్లు పరుగున వచ్చారు. ఊళ్లో పలుగూ పారా అప్పటికే సైన్యం పట్టుకుపోయింది. వంటగిన్నెలతో, మూతలతో, గోళ్లతో తవ్వారు. రెండు రోజులు తవ్వాక ఫిరంగుల మోత లోయలోకి వచ్చింది. పిల్లల్ని చంకనేసుకుని పారిపోక తప్పలేదు. వర్షాకాలం వెళ్లాక తిరిగొచ్చి చూస్తే కొండచరియ విరిగి కిందికి జారి ఉంది. ఏరు దారి మార్చుకుంది. చర్చి గంటగోపురం కూలిపోయింది. దేన్ని గుర్తుపెట్టుకుని సొరంగం ఎక్కడని చెప్పాలో ఎవరికీ తెలియలేదు. ఒకరు ఇక్కడన్నారు, ఒకరు కాదు అక్కడన్నారు. మార్సెలా ఏటా సమాధుల పండగకు జిగురుబియ్యం ఉండలు చేసి, ఎక్కడ పెట్టాలో తోచక, కొండ మొదట్లో ఒకసారి ఒకచోట, ఒకసారి ఇంకోచోట పళ్లెం పెట్టి వచ్చేది. శవం లేనిదే పోయినవాళ్లకు చేసే తొమ్మిది రోజుల ప్రార్థనలు పెట్టనని ఫాదర్‌తో తెగేసి చెప్పింది. పెట్టకుండానే కన్నుమూసింది.

బంగారం మాట ఎప్పుడు పుట్టిందో చెప్పడం కష్టం. జపాన్ వాళ్లు దోచుకొచ్చిన బంగారమంతా ఆ సొరంగంలో దాచారనీ, రహస్యం బయటపడకుండా కూలీలను కూడా లోపలే పూడ్చి పోయారనీ ఒకరు అన్నారు. తర్వాత ఊరంతా అంది. తీవా అన్న దోమింగ్ అందరికంటే గట్టిగా అన్నాడు.

"బంగారం లేకపోతే కొండను అలా ఎందుకు తొలుస్తారే? పిచ్చా వాళ్లకి?" అనేవాడు.

"యుద్ధంలో ఉన్నవాళ్లు పిచ్చివాళ్లు కాక మరేంటన్నా?" అనేది తీవా.

ఆ కొండ వాలులో అన్సెల్మో అనే కుర్రాడికి కాస్త చేను ఉండేది. బియ్యం మర దగ్గర వరసలో నిలబడ్డప్పుడు అతను తీవాతో మాట కలిపాడు.

"నీ చేను ఎందాకా ఉంది?" అని అడిగింది తీవా.

"కొండ మెడ దాకా. అన్నీ రాళ్లే. ఏం పండదక్కడ."

"అయితే సరే," అంది.

దేనికి సరే అందో అతనికి ఇంటికెళ్లాక అర్థమైంది. పెళ్లయ్యాక చెరకుసారా తాగినప్పుడల్లా స్నేహితులతో అనేవాడు: "నన్ను చేసుకుందనుకుంటున్నారా? నా కొండని చేసుకుందిరా. నేను దానికి కట్నంగా వచ్చాను." అలా అంటూనే, ఏ ఎండాకాలంలో ఏ మూల తవ్వుదామంటే అక్కడికి పలుగు పట్టుకుని ఆమె వెంట వెళ్లేవాడు. ఇద్దరూ గుంటలు తీశారు. మట్టీ రాళ్లూ తప్ప ఏమీ తగల్లేదు.

బంగారం వెతికేవాళ్లు అప్పటికే చాలా ఊళ్లలో తిరుగుతున్నారు. దిపాంగన్‌కు వచ్చినవాడి పేరు వెర్గారా. నిజంగా ఇంజనీరో కాదో కాని అందరూ ఇంజనీరనే పిలిచేవారు. నల్ల కళ్లజోడు, చేతిలో ఎప్పుడూ చుట్టిన కాగితాలు. వెనక లారీమీద బోరు బండి. ముందు నడుస్తూ దోమింగ్.

"మా చెల్లెలి చేనే. నేను చెబితే కాదనదు," అని దారిపొడుగునా చెబుతూ తీసుకొచ్చాడు దోమింగ్.

తీవా గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. లేవలేదు.

"అక్కా, మీ కొండలో బోరు వేసి చూస్తాం," అన్నాడు వెర్గారా. "దొరికిన దాంట్లో మీకు భాగం ఇస్తాం. ఎంత కావాలో మీరే చెప్పండి."

"భాగం వద్దు."

దోమింగ్ ఉలిక్కిపడ్డాడు. "ఏం మాట్లాడుతున్నావే?"

"నువ్వుండన్నా. ఇంజనీరుగారూ, బంగారం దొరికితే అంతా మీదే. ఎత్తుకుపోండి. ఎముకలు మాత్రం మావి. చిన్న ముక్క కనబడినా సరే, అక్కడికక్కడ బోరు ఆపాలి. నన్ను పిలవాలి. ఈ మాట ఊరిపెద్ద ముందూ ఫాదర్ ముందూ చెప్పాలి."

వెర్గారా కళ్లజోడు తీసి ఆమెను పరీక్షగా చూశాడు. ఇంత చవగ్గా ఒప్పందం కుదురుతుందని అతను అనుకోలేదు. "ఎముకలతో మాకేం పని? అన్నీ మీవే," అని నవ్వాడు. చర్చి వరండాలో నిలబడి అందరి ముందూ అదే మాట అన్నాడు కూడా.

అన్సెల్మో ఇంటికొస్తూ గొణిగాడు. "కొంచెం భాగమన్నా అడగాల్సింది. పైకప్పు రేకులైనా మార్చుకునేవాళ్లం."

"భాగం అడిగితే నేనూ వాళ్లలో ఒకదాన్నవుతాను. అప్పుడు ఆపమంటే ఎవడు వింటాడు?"

బోరు మొదలైంది. మిషను చప్పుడుకు కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయని ఊరు తిట్టుకుంది. గొట్టం కిందికి దిగేది, నీళ్లతో కలిసి బురద పైకి వచ్చేది. ఒకచోట రాయి తగిలితే ఇంకోచోటికి మార్చేవారు. తీవా ఇసుక జల్లెడ తెచ్చుకుని, పైకొచ్చిన బురదనంతా ఏటి కాలవ దగ్గర కడిగి జల్లించేది. బోరు కుర్రాళ్లు ఆటపట్టించారు.

"అత్తా, బంగారం మేం చూసుకుంటాంలే. నువ్వు బురద ఏరుకో!"

"ఏరుకుంటాన్రా. నువ్వు గొట్టం సరిగ్గా దించు. మీ అమ్మ నిన్ను కన్నప్పుడు కూడా ఇంత వంకరగా దిగి ఉండవు."

మిగతావాళ్లు పడీపడీ నవ్వారు.

వాలుకు పడమటి వైపు వేసిన బోరులో ఒకరోజు మట్టితోపాటు చెక్క పేళ్లు వచ్చాయి. తీవా ఒకదాన్ని కడిగి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుంది. పైన్ చెక్క. ఈ వాలులో పైన్ చెట్టన్నది లేదు. సైనికులు సొరంగం కప్పుకు ఆసరాగా పై కొండల నుంచి దుంగలు మోయించడం ఆమె కళ్లారా చూసింది. నాన్న భుజం చర్మం లేచిపోయింది ఆ దుంగలకే. ఆ పేడును రుమాలులో ముడివేసుకుని ఇంటికొచ్చి, అన్నం వండి, అందరికీ వడ్డించి, అప్పుడు పెరట్లోకి వెళ్లి ఏడ్చింది.

ఆ తర్వాత రెండు రోజులు బోరు మామూలుగానే తిరిగింది. మూడోరోజు తీవా వెళ్లేసరికి బురద కుప్ప కనబడలేదు.

"కాలవలో పారబోశాం, అడ్డుగా ఉందని," అన్నాడు దోమింగ్. చెల్లెలి మొహంలోకి చూడలేదు.

తీవా కాలవ వెంట దిగువకు నడిచింది. బురద ఒక మలుపులో పేరుకుని ఉంది. మోకాళ్లదాకా దిగి రెండు చేతులతో కెలికింది. చిటికెన వేలంత ఎముక ముక్క, ఒక వైపు బోరు పళ్లు కోసిన గీత తెల్లగా మెరుస్తోంది. పక్కనే ఇంకో ముక్క.

పైకి వచ్చింది. ఆ ముక్కల్ని అరచేతిలో పెట్టి అన్న ముందు చాపింది. మిషను మోగుతూనే ఉంది.

"పందిది అయ్యుంటుంది," అన్నాడు దోమింగ్.

"ఎంత లోతులో తగిలింది?"

"నాకేం తెలుసు?"

"బోరు దగ్గర నువ్వే ఉన్నావు. ఎంత లోతులో తగిలింది?"

"ఇంకో రెండు రోజులే తీవా! కిందే పెట్టెలున్నాయట. ఇంజనీరు చెప్పాడు. ఇప్పుడు ఆపితే అంతా పోతుంది. తీశాక నీ ఎముకలు నువ్వు తీసుకో, ఎవడొద్దన్నాడు?"

"ఇది నాన్న చెయ్యి అయితే?"

తీవా చాపిన చెయ్యి అలాగే ఉంది. దోమింగ్ ఆ చేతిని చూడకుండా మిషను వైపు తిరిగాడు.

ఆమె ఇంటికెళ్లి వెదురు కుర్చీ తెచ్చింది. గొట్టం పైకి తీసి కొత్త ముక్క బిగిస్తున్న సమయం చూసి, బోరు గుంట మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. లేవమంటే లేవలేదు. వెర్గారా బతిమాలాడు, తర్వాత అరిచాడు, తర్వాత ఊరిపెద్దను తీసుకొచ్చాడు. ఊరిపెద్ద తల గోక్కుని, "ఇంజనీరుగారూ, చర్చి ముందు మాటిచ్చింది మీరే కదా," అని నసిగి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి బస్తియానా వచ్చింది. ఆమె మొగుడు క్రిస్పులో కూడా ఆ ఎనిమిది మందిలో ఒకడు. అడ్డపొగ తాగుతూ, నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడే మనిషి. కుర్చీ లేక తలకిందులు చేసిన తట్ట మీద కూర్చుంది.

"నువ్వెందుకొచ్చావే ముసలీ? పో ఇంటికి," అన్నాడు దోమింగ్.

"నీ అయ్య కూడా అక్కడే ఉన్నాడురా వెధవా. నువ్వు రాలేదని నేనొచ్చా."

మర్నాటికి మిగతా ఇళ్ల ఆడవాళ్లూ వచ్చారు. వంతులవారీగా కూర్చున్నారు. అక్కడే వండుకున్నారు. వెర్గారా పక్కనుంచి మందుగుండు పెట్టి పేలుస్తానని బెదిరించాడు. "పేల్చు. మమ్మల్ని కూడా కలుపుకుని ఏరుకోవాలి నువ్వు," అంది తీవా. అతను పేల్చలేదు. డబ్బు పెట్టినవాళ్లు మనీలా నుంచి తొందరపెడుతున్నారు. ఈలోగా తుఫాను వచ్చింది. మెత్తబడ్డ వాలు మీద బోరు బండి ఒక పక్కకు ఒరిగి చేలోకి దొర్లింది. వానలు తగ్గాక వెర్గారా దాన్ని ముక్కలుగా విప్పి లారీకెక్కించుకుపోయాడు. మళ్లీ రాలేదు.

దోమింగ్ చెల్లెలి ఇంటికి రావడం మానేశాడు. చర్చిలో కూడా అటు వరసలో కూర్చునేవాడు. ఊరు రెండుగా చీలింది. చేతికందిన బంగారాన్ని తీవా కాలదన్నిందని సగం ఊరు. మిగతా సగం, అదంతా తనే తవ్వుకోడానికి వేసిన ఎత్తు అంది. "బంగారం తీవా వస్తోంది, దారివ్వండర్రా," అని సంతలో వెక్కిరించేవారు. ఆమె చిక్కుళ్లు తూకం వేయించుకుని, గంప నెత్తినెత్తుకుని వచ్చేసేది.

తవ్వకం మాత్రం ఆపలేదు. ఎక్కడ తవ్వాలో ఇప్పుడు తెలుసు. ఎంత లోతో తెలియదు. కోతలయ్యాక అన్సెల్మోతో కలిసి బోరు గుంట పక్కనే బావి తవ్వినట్టు దిగడం మొదలుపెట్టింది. ఏటా కొంత తవ్వడం, వానలకు అది పూడిపోవడం, మళ్లీ తవ్వడం. అలా కొన్నేళ్లు. ఒక ఎండాకాలం గుంట గోడ విరిగి అన్సెల్మోను నడుం దాకా కప్పేసింది. పక్క చేలవాళ్లు పరుగెత్తుకొచ్చి తీసేసరికి ఎడమకాలు రెండుచోట్ల విరిగింది.

వైద్యుడు కట్టు కట్టి వెళ్లాక అన్సెల్మో పక్క మీద పడుకుని నవ్వడానికి ప్రయత్నించాడు. "ఇంకాసేపైతే తొమ్మిదోవాణ్ణి నేనే అయ్యేవాణ్ణి."

తీవా నవ్వలేదు. అతని పాదం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. "ఇంక మనం తవ్వొద్దు," అంది చివరికి.

అన్సెల్మో నమ్మలేనట్టు చూశాడు. "వదిలేస్తావా?"

"వదలను. మనకి తవ్వడం రాదు. బతికున్నవాళ్లని చంపుతున్నాం, చచ్చినవాళ్ల మీద ఇంకా మట్టి పోస్తున్నాం. తవ్వడం వచ్చినవాళ్లని పట్టుకొస్తాను."

అలా ఆమె మొదటిసారి మనీలా బస్సెక్కింది. పాతకాలపు సమాధులు తవ్వి పరిశోధించేవాళ్లు విశ్వవిద్యాలయంలో ఉంటారని ఫాదర్ చెప్పాడు. అక్కడ ఔరోరా బెల్యో అనే ఆమె గది చూపించారు. తలుపు మీద డాక్టరని రాసి ఉంది. నలభై దాటిన మనిషి, మోచేతులదాకా మట్టి, బల్ల నిండా కుండ పెంకులు.

"డాక్టరమ్మా," అంది తీవా.

"నేను రోగాలు చూసే డాక్టర్ని కాదమ్మా."

"తెలుసు. మావాళ్లకి రోగం లేదు."

కూర్చోబెట్టి అంతా విన్నాక ఔరోరా తల అడ్డంగా ఊపింది. "మేం తవ్వేది వెయ్యేళ్ల కిందటి సమాధులు. యుద్ధంలో పోయినవాళ్లను వెతకడం మా పని కాదు. దానికి మాకు అనుమతీ ఉండదు."

"ఎన్నేళ్లయితే మీ లెక్కలోకి వస్తారు?"

"అంటే?"

"చచ్చిపోయి ఎన్నేళ్లయితే పాతవాళ్లవుతారని. ఇంకా తొమ్మిది వందల ఏళ్లు ఆగమంటే, అందాకా నేనుండాలి కదా."

ఔరోరా నవ్వేసింది. వెంటనే నవ్వినందుకు సిగ్గుపడింది. అయినా రానంది.

తీవా మరుసటి కోతలయ్యాక మళ్లీ వెళ్లింది. ఆ పై ఏడు మళ్లీ. ఈ మధ్యలో వెర్గారా లాంటివాళ్లు ఎందరో చేను అడగడానికి వచ్చారని, అందర్నీ తరిమేశానని ఔరోరాకు ఆమె మామూలుగా, చేలో కోతుల్ని అదిలించానని చెప్పినట్టు చెప్పింది. ఔరోరా అప్పుడు పెన్ను కింద పెట్టింది. బోరు బండి తిరిగిన చోట తర్వాత ఏమీ మిగలదని ఆమె ఎన్నో కొండల్లో చూసింది. ఎవరూ తొక్కకుండా కాసిన కొండను చూడలేదు.

"ఈ ఎండాకాలం వచ్చి చూస్తాను. చూడటం వరకే," అంది.

చూడటానికి వచ్చిన మనిషి గుడారం వేసింది. ఏవో అనుమతులు తెప్పించింది. శిష్యులు నలుగురు వచ్చారు. దారాలు కట్టి నేలను గళ్లుగా విడదీసి, చిన్న తాపీలతో, బ్రష్షులతో మట్టిని పొర తర్వాత పొర తీయడం మొదలుపెట్టారు. ఊరు విరగబడి చూసింది.

"పళ్లు తోముకునే బ్రష్షుతో కొండను తోముతున్నారు! మనవళ్ల నాటికైనా అవుద్దంటావా?" అంది బస్తియానా. పొగ పీలుస్తూ రోజంతా అక్కడే కూర్చునేది.

ఔరోరాకు వచ్చిన చిక్కు కూడా లోతే. పైనుంచి దిగితే గోడలు నిలవవు, అన్సెల్మో కాలే సాక్ష్యం. పక్కనుంచి లోపలికి వెళ్లాలి. ఏ ఎత్తులో వెళ్లాలో తెలియాలి. తప్పు ఎత్తులో మొదలుపెడితే ఎండాకాలమంతా వృథా.

ఆ మాట ఊళ్లో పాకింది. రెండోరోజు దోమింగ్ వచ్చాడు. జుట్టు నెరిసిపోయింది. గళ్ల అవతల నిలబడి, టోపీ చేతిలో పట్టుకుని, ఎవరితోనన్నది లేకుండా అన్నాడు.

"ఎముక తగిలింది నలభై అడుగుల దగ్గర. అంతకు రెండడుగుల పైన గొట్టం ఒక్కసారి కిందికి జారింది. అక్కడ బోలు, ఎముక కింద రాయి. అది సొరంగం నేల."

అందరూ తీవా వైపు చూశారు. ఆమె చేతిలోని బకెట్ కింద పెట్టింది.

"ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే అన్సెల్మో కాలు విరిగేది కాదు."

"కాదు," అన్నాడు దోమింగ్. "తెలుసు."

ఇంకేదైనా అంటాడేమోనని ఆమె చూసింది. అతను వంగి బకెట్ తీసుకుని మట్టి కుప్ప వైపు నడిచాడు. ఆమె ఆపలేదు. మర్నాటి నుంచి అందరికంటే ముందు వచ్చి, అందరికంటే బరువైన తట్టలు మోశాడు. అన్నాచెల్లెళ్లు మాట్లాడుకున్నది తక్కువే. మధ్యాహ్నం ఆమె పెట్టిన పళ్లెంలో అన్నం తిన్నాడు.

దోమింగ్ చెప్పిన ఎత్తు సరిపోయింది. వెదురూ దుంగలూ ఆసరాపెట్టుకుంటూ లోపలికి వెళ్లిన కుర్రాళ్లకు ముందు కుళ్లిన పైన్ కలప తగిలింది, తర్వాత ఎముకలు. ఔరోరా అందర్నీ బయటికి పంపి, తీవాను లోపలికి రమ్మంది.

వాళ్లంతా ఒక్కచోటే ఉన్నారు, సొరంగం నోటికి దగ్గరగా, ఒకరి పక్కన ఒకరు. ఔరోరా దీపం ఎత్తి గోడ మీద గుర్తులు చూపించింది. పలుగు దెబ్బలు, బయటి వైపుకు.

"బాంబు పడ్డప్పుడు చావలేదు వీళ్లు," అంది నెమ్మదిగా. "బయటికి తవ్వుకుంటూ వచ్చారు. చాలా దూరం వచ్చారు. గాలి చాల్లేదు."

"ఇంకా ఎంత ఉంది?"

"రెండు బారలు ఉంటుందేమో."

తీవా గోడ మీద ఆ గుర్తుల్లో చెయ్యి పెట్టి చూసింది. బయటినుంచి గిన్నెలతో గీకిన ఆడవాళ్లు కళ్లలో మెదిలారు. అమ్మ చేతి వేళ్లు రక్తం ఓడటం గుర్తొచ్చింది. "మాకు వినపడలేదు," అంది. "ఫిరంగుల మోత. వినపడి ఉంటే పోయేవాళ్లం కాదు." ఔరోరా ఆమె భుజం పట్టుకుంది.

సొరంగం వెనక భాగంలో చెక్కపెట్టెలు దొరికాయి. ఊరంతా కొండ కింద గుమిగూడింది. ఔరోరా ఒక్కొక్క పెట్టె మూతా అందరి ముందే తీయించింది. గాజు సీసాలు. తుప్పుపట్టిన కత్తెరలు. కుళ్లి మట్టిముద్దయిన కట్టుగుడ్డ. గాయపడ్డ సైనికుల కోసం కొండలో కట్టబోయిన ఆసుపత్రి అది. జనం ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. అసలు బంగారం దానికింద ఉండి ఉంటుందని ఎవరో అన్నారు. దోమింగ్ వాడివైపు తిరిగి, "కింద రాయి ఉంది. నేను చూశాను. నోర్మూసుకో," అన్నాడు.

చిక్కు ఇంకొకటి వచ్చింది. పోయినవాళ్లు ఎనిమిది మంది. లోపల ఉన్నది తొమ్మిది మంది. తొమ్మిదోవాడి కాళ్లకు సైనికుల బూట్లున్నాయి. ఇనుప టోపీ తల మీద లేదు, చేతుల దగ్గర ఉంది. అంచు సొట్టపోయి, మట్టితో నిండి. దాంతో మట్టి తోడాడు.

"వాణ్ణి ఏట్లో పారెయ్యండి," అంది బస్తియానా.

తీవాకు కూడా మొదట అదే అనిపించింది. పొట్లంలో సగం తిన్న కాపలావాడు వీడేనా? అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. రెండు రోజులు ఆ మాట ఎత్తితే విసుక్కుంది. మూడోనాడు ఔరోరాతో చెప్పింది: "మావాళ్ల గుంటలో పెట్టను. పారెయ్యను కూడా. విడిగా పెట్టెలో పెట్టండి. ఎవరో ఒకరు అడగడానికి వస్తారు."

ఎవరివి ఏ ఎముకలో తేల్చడం కుదరలేదు. ఒక్కరికి మాత్రం ముంజేయి ఎప్పుడో విరిగి అతుక్కున్న గుర్తుంది. ఔరోరా ఆ మాట చెప్పగానే బస్తియానా అడ్డపొగ నోట్లోంచి తీసేసింది. "మా పెళ్లికి ముందు దున్నపోతు మీంచి పడ్డాడు. అత్తగారు చెప్పేది," అని ఆ ఎముక మీద చెయ్యి వేసి కూర్చుండిపోయింది. తీవాకు అలాంటి గుర్తేమీ దొరకలేదు. బోరు కోసిన చెయ్యి నాన్నదో కాదో కూడా తెలియలేదు.

"ఇంకా పరీక్షలు చేస్తే ఎప్పటికైనా తెలియొచ్చు," అంది ఔరోరా. "కొన్నేళ్లు మా దగ్గర ఉంచితే."

"వద్దమ్మా. ఇన్నేళ్లు వాళ్లు కలిసున్నారు. కలిసే ఉంచుతాం. ఎనిమిది మందిలో ఒకడు మా నాన్న. అది చాలు నాకు."

చర్చి వెనక ఒకటే పెద్ద గుంట తీశారు. తీసింది దోమింగ్. ఎవర్నీ పార పట్టనివ్వలేదు. రాయి మీద ఎనిమిది పేర్లు చెక్కించారు. ప్రార్థనలు తొమ్మిది రోజులూ తీవా ఇంట్లోనే జరిగాయి. ఎనిమిది ఇళ్ల నుంచీ పళ్లేలు వచ్చాయి. ఆఖరి రోజు భోజనాల దగ్గర అన్సెల్మో కుంటుకుంటూ అందరికీ వడ్డించాడు. సంతలో ఒకప్పుడు వెక్కిరించినవాళ్లు కూడా వచ్చి తిన్నారు.

సైనికుడి పెట్టె చర్చి కొట్లో చాలాకాలం ఉంది. జపాన్ నుంచి కొందరు ముసలివాళ్లు తమవాళ్ల ఎముకలు వెతుక్కుంటూ వచ్చినప్పుడు తీవాయే దాన్ని తెచ్చి అప్పగించింది. వాళ్లలో ఒకాయన నేలమీద మోకరిల్లి ఆమెకు దణ్ణం పెట్టాడు. ఆమె తిరిగి పెట్టలేదు. ఎండలో వచ్చిన మనిషని గ్లాసుతో నీళ్లు ఇచ్చి, ఆయన తాగేదాకా అక్కడే నిలబడింది.

తవ్విన చోటు పూడ్చేశాక ఆ వాలులో అల్లం వేసింది. గుల్లబారిన మట్టి కావడం వల్లనో ఏమో, రాళ్ల చేను అని పేరుపడ్డ చోట దుంపలు లావుగా ఊరాయి. ఆమెకు డెబ్భై దాటాక ఒకసారి ఎవడో కుర్రాడు జీపులో వచ్చాడు. నెత్తిన టోపీ, చేతిలో లోహం తగిలితే మూలిగే మిషను.

"అవ్వా, ఈ కొండలో ఇంకా లోతున ఏదో ఉందని మా మిషను చెబుతోంది. ఒక్క బోరు వేసుకోనివ్వు."

తీవా కలుపు తీస్తూనే ఉంది. తల ఎత్తలేదు.

"నువ్వు నిలబడ్డది అల్లం మడి మీద. ముందు ఆ కాలు తియ్యి నాయనా."

వాడు గబుక్కున కాలు తీశాడు. ఆమె ఆ మొక్క మొదట్లోకి మట్టి ఎగదోసి, పక్క సాలులోకి జరిగింది.